ఎండకు అప్పు పుట్టిన కథ: సౌర విద్యుత్తు, అభివృద్ధి బ్యాంకులు – సింహావలోకనం

2025 జనవరి 31 నాటికి భారతదేశ సౌర విద్యుత్ స్థాపిత సామర్థ్యం లక్ష మెగావాట్లు దాటింది. అంతకు పదిహేనేళ్ల ముందు దేశమంతా వెదికినా గ్రిడ్‌కు కలిసిన సోలార్ ప్లాంట్ల సామర్థ్యం పట్టుమని పదిహేను మెగావాట్లు లేదు. ఇంత దూరం ఎలా నడిచామంటే సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఢిల్లీ విధానాలు ఒకటి, చైనా ప్యానెళ్ల చౌక ధర రెండు. రెండూ నిజమే. మూడో జవాబు బ్యాంకు పద్దుల్లో ఉండిపోయింది కనుక పత్రికల మొదటి పేజీకి ఎక్కలేదు. ఎవరూ నమ్మని రోజుల్లో ఎండను నమ్మి అప్పిచ్చింది ఎవరు? అప్పు మునిగితే నష్టం మాదే అని పూచీ పడింది ఎవరు? ఆ పూచీ ఎవరి గడప దాకా వచ్చి ఆగిపోయింది? నాలుగు దశాబ్దాల చరిత్రను ఈ ప్రశ్నలతో తిరిగి చూడాలి.

ముందు ఒక లెక్క. థర్మల్ కేంద్రానికి రోజూ బొగ్గు కొనాలి. సోలార్ ప్లాంటుకు కొనవలసిన ఇంధనం లేదు, ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి. ఆ ఖర్చులో సింహభాగం అప్పు. అంటే పాతికేళ్లపాటు యూనిట్ ధరను నిర్ణయించేది వడ్డీ రేటే. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2010-11లో ఒక మెగావాట్ ప్లాంటు కట్టడానికి దాదాపు 17 కోట్లు అవుతుందని అంచనా వేసింది. అందులో 70 శాతం అప్పు తెస్తే అది 12 కోట్లకు కాస్త తక్కువ. ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి పదహారున్నర లక్షల యూనిట్ల చొప్పున ఇస్తుందనుకుందాం. వడ్డీ 12 శాతం నుంచి 9కి దిగితే మొదటి ఏడాదిలోనే యూనిట్‌కు రెండు రూపాయలకు పైగా మిగులుతుంది. 2016-17 నాటికి అదే కమిషన్ అంచనా 5 కోట్ల 30 లక్షలకు తగ్గింది. అప్పుడు కూడా మూడు శాతం వడ్డీ తేడా యూనిట్‌కు 67 పైసలు. క్లైమేట్ పాలసీ ఇనిషియేటివ్ అనే పరిశోధన సంస్థ 2012లో ఇదే మాటను మరో విధంగా చెప్పింది. అమెరికా, ఐరోపాలతో పోలిస్తే మన దేశంలో పునరుత్పాదక విద్యుత్ ఖర్చు అప్పు షరతుల వల్లే 24 నుంచి 32 శాతం పెరుగుతోందని తేల్చింది. ఎండ మనకే ఎక్కువ. అప్పు మాత్రం మనకే ప్రియం.

చమురు సంక్షోభాల దెబ్బ తిన్న తర్వాత కేంద్రం 1981లో అదనపు ఇంధన వనరుల కమిషన్‌ను, మరుసటి ఏడాది సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖను ఏర్పాటు చేసింది. పరిశోధనకు, ప్రదర్శనకు బడ్జెట్ నుంచి డబ్బు వచ్చేది. లాంతర్లు, పంపులు, కుక్కర్లు పంచేవారు. పాడైతే బాగు చేసే నాథుడు ఉండేవాడు కాదు. దానం చేసిన వస్తువుకు యజమాని ఉండడు, అప్పు చేసి కొన్న వస్తువుకు ఉంటాడు. ఈ ఆలోచనకు సంస్థ రూపం ఇరెడా. 1987 మార్చి 11న పుట్టిన ఆ సంస్థ పునరుత్పాదక ఇంధనానికి అప్పివ్వడం కోసమే పెట్టిన ప్రభుత్వ రుణ సంస్థ. ప్రపంచంలో ఇలాంటివి అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 1990ల మొదట్లో ప్రపంచ బ్యాంకు ఇరెడా ద్వారా పెద్ద రుణం మంజూరు చేసింది. అందులో గాలి మరలు, చిన్న జలవిద్యుత్ కేంద్రాలు చకచకా డబ్బు తీసుకున్నాయి. సోలార్ వాటా నత్తనడక నడిచింది. ప్యానెళ్ల ధర అంత ఎక్కువ, కొనేవారి జేబు అంత చిన్నది. అయినా ఆ పదేళ్లలో ఒక పని జరిగింది. ఎండతో నడిచే యంత్రాన్ని మదింపు చేసి, షరతులు రాసి, వాయిదాలు వసూలు చేయడం తెలిసిన అధికారులు దేశంలో తయారయ్యారు. ఈ నేర్పు విలువ తర్వాత తెలిసింది.

ఆ దశాబ్దపు పెద్ద ఓటమి పేరు మథానియా. జోధ్‌పూర్ దగ్గర ఆ ఊళ్లో 140 మెగావాట్ల కేంద్రం కట్టాలనుకున్నారు. అందులో 35 మెగావాట్లు వంపు అద్దాలతో ఎండ వేడిని పట్టే సౌర థర్మల్ భాగం, మిగతాది ఇంధనంతో నడిచేది. ప్రపంచ పర్యావరణ నిధి నుంచి 4 కోట్ల 90 లక్షల డాలర్ల గ్రాంటు, జర్మనీ అభివృద్ధి బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ నుంచి రుణం. డబ్బుకు కొదవ లేదు, నిపుణుల నివేదికలకు అసలే లేదు. నాఫ్తా మండించాలా గ్యాసు మండించాలా, అది ఎక్కడి నుంచి ఏ ధరకు వస్తుంది, పుట్టిన కరెంటును ఆ ధరకు ఎవరు కొంటారు అన్న ప్రశ్నల మీద ఏళ్లు గడిచాయి. చివరికి గ్రాంటు రద్దయింది. ఇదే నమూనాలో మొరాకోలోని ఐన్ బెని మథార్‌లో, ఈజిప్టులోని కురైమత్‌లో కేంద్రాలు లేచి 2011 నాటికి కరెంటు ఇచ్చాయి. మన మథానియా కాగితం మీదే ఉండిపోయింది. నా దృష్టిలో ఆ వైఫల్యం నుంచి నేర్చుకోవలసింది ఒకటే. గ్రాంటు ఎంత పెద్దదైనా, పుట్టిన కరెంటుకు డబ్బు ఎవరిస్తారో తేలకపోతే ప్లాంటు లేవదు. మన సోలార్ చరిత్రలో తర్వాత వచ్చిన ప్రతి మలుపూ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెదకడమే.

పెద్ద కేంద్రం కాగితాల్లో కూరుకుపోయిన కాలంలోనే చిన్న దీపానికి అప్పు పుట్టింది. 2003లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కెనరా బ్యాంకు, సిండికేట్ బ్యాంకులతో కలిసి కర్ణాటకలోనూ, కేరళలో కొంత భాగంలోనూ ఒక రుణ పథకం నడిపింది. ఇంటి మీద చిన్న ప్యానెల్, బ్యాటరీ, నాలుగు దీపాలు కొనుక్కునే కుటుంబానికి బ్యాంకు మామూలు అప్పే ఇస్తుంది. వడ్డీలో కొంత భాగం ఐక్యరాజ్యసమితి భరిస్తుంది. కట్టేవాళ్లకు వడ్డీ 12 శాతం నుంచి 5కి దిగింది. కాలం గడిచేకొద్దీ ఆ రాయితీ తగ్గుతూ పోతుందని ముందే చెప్పారు. వేల కుటుంబాలు తీసుకున్నాయి, వాయిదాలు కట్టాయి. ఈ పథకం చేసిన మేలు దీపాల సంఖ్యతో ముగియదు. పల్లెటూరి బ్రాంచి మేనేజరు సోలార్ పెట్టెను ట్రాక్టరు పక్కన, పాడిగేదె పక్కన అప్పివ్వదగిన వస్తువుల జాబితాలో చేర్చుకున్నాడు. ఈ దారిలోనే పనిచేసిన సెల్కో సంస్థ స్థాపకుడు హరీశ్ హందేకు 2011లో మెగసెసె పురస్కారం వచ్చింది. ఆ రోజుల్లో అభివృద్ధి సంస్థలు పేదవాడి వాయిదా శక్తిని నమ్మాయి. ఆ నమ్మకం తర్వాత మెగావాట్ల మోతలో వినపడకుండా పోయింది. ఇది నన్ను బాధించే విషయం.

2009 డిసెంబరులో పంజాబ్‌లోని అవాన్ గ్రామంలో అజూర్ పవర్ అనే ప్రైవేటు కంపెనీ రెండు మెగావాట్ల ప్లాంటును గ్రిడ్‌కు కలిపింది. అప్పిచ్చింది మన బ్యాంకు కాదు, అమెరికా ప్రభుత్వ సంస్థ ఓపిక్. నెల తిరక్కుండానే 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యం. ఎన్‌టీపీసీ అనుబంధ సంస్థ ఎన్‌వీవీఎన్ ప్రియమైన సోలార్ కరెంటును చవకైన బొగ్గు కరెంటుతో కలిపి విద్యుత్ పంపిణీ సంస్థలకు (డిస్కంలకు) అమ్మే ఏర్పాటు చేశారు. కమిషన్ ఖరారు చేసిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. బిడ్లు తెరిస్తే కనిష్ఠం 10 రూపాయల 95 పైసలు! 2011 చివర జరిగిన రెండో విడతలో ఫ్రాన్సుకు చెందిన సోలైర్ డైరెక్ట్ 7 రూపాయల 49 పైసలకు దిగింది. మన బ్యాంకులు మాత్రం ఆ అంకెలు చూసి మరింత జంకాయి. ఇంత తక్కువకు ఇచ్చేవాడు ప్లాంటు కడతాడా, కట్టినా వాయిదాలు కడతాడా అన్నది వాళ్ల అనుమానం. ప్రజల నుంచి మూడేళ్లకు, అయిదేళ్లకు డిపాజిట్లు తీసుకునే బ్యాంకు పదిహేనేళ్లు అప్పు ఇవ్వాలంటే గుండె దడ సహజమే. పైగా విద్యుత్ రంగానికి ఇవ్వగలిగిన అప్పు పరిమితి అప్పటికే బొగ్గు కేంద్రాలతో నిండిపోయింది. సోలార్‌ను ఆ ఖాతాలోనే వేసేవారు.

అప్పుడు దిగినవి విదేశీ ఎగుమతి బ్యాంకులు. రిలయన్స్ పవర్ రాజస్థాన్‌లోని ధుర్‌సర్‌లో కట్టిన 40 మెగావాట్ల ప్లాంటుకు అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు 8 కోట్ల 40 లక్షల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 4 కోట్ల 80 లక్షల డాలర్లు ఇచ్చాయి. గడువు పదహారేళ్లకు పైమాట. మన బ్యాంకు దగ్గర కలలో కూడా దొరకని షరతులు అవి. కానీ ఎగ్జిమ్ బ్యాంకు దేశసేవ చేయడానికి పుట్టలేదు, తన దేశపు సరుకు అమ్ముడుపోవడానికి పుట్టింది. మిషన్ నిబంధన ప్రకారం సిలికాన్ ప్యానెళ్లు దేశంలో తయారైనవే వాడాలి. థిన్ ఫిల్మ్ (పలుచటి పొర) ప్యానెళ్లకు ఆ నిబంధన లేదు. చౌక అమెరికా అప్పు, దానితోపాటు అమెరికా థిన్ ఫిల్మ్ ప్యానెళ్లు రెండూ ఒకే ఓడలో వచ్చాయి. దేశీయ తయారీదారులు ఫ్యాక్టరీలు మూసుకుని కూర్చున్నారు. ఇది చాలదన్నట్టు దేశీయ సరుకు నిబంధన మీద అమెరికా 2013లో ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేసింది. 2016లో అప్పీలులోనూ మనం ఓడిపోయాం. చౌక అప్పులో దాగిన ధర ఏమిటో అప్పుడు తెలిసింది.

పదేళ్లు తిరిగేసరికి చక్రం వెనక్కి తిరిగింది. ఓపిక్ వారసురాలైన అమెరికా అభివృద్ధి రుణ సంస్థ డీఎఫ్‌సీ 2021లో 50 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. అది ఫస్ట్ సోలార్ కంపెనీ తమిళనాడులో ఫ్యాక్టరీ కట్టడానికి. 2024 జనవరిలో ఆ ఫ్యాక్టరీ ప్రారంభమైంది. ఒకప్పుడు ప్యానెల్ కొనడానికి వచ్చిన అప్పు ఇప్పుడు ప్యానెల్ తయారీకి వచ్చింది. చైనాతో పోటీ అమెరికాను అటు నెట్టిందన్నది వేరే సంగతి. మనకు ఉపయోగపడింది.

చైనా ప్రస్తావన వచ్చింది కనుక ఇక్కడే చెప్పాలి. మన సోలార్ విప్లవానికి అన్నిటికంటే ఎక్కువ తోడ్పడిన అభివృద్ధి బ్యాంకు ఏదని అడిగితే నేను ప్రపంచ బ్యాంకు పేరో ఆసియా బ్యాంకు పేరో చెప్పను. చైనా డెవలప్‌మెంట్ బ్యాంకు పేరు చెబుతాను. 2010లో ఆ బ్యాంకు సన్‌టెక్, యింగ్లీ, ట్రినా లాంటి ప్యానెల్ కంపెనీలు ఒక్కొక్కదానికి వందల కోట్ల డాలర్ల రుణ పరిమితి తెరిచింది. ఆ డబ్బుతో లోకానికి కావలసిన దానికి మించి ఫ్యాక్టరీలు లేచాయి, ధర కుప్పకూలింది. 2013లో సన్‌టెక్ ప్రధాన విభాగమే దివాలా తీసింది. ఆ నష్టంలో పుట్టిన చౌకదనం మీదే రాజస్థాన్ ఎడారిలో, రాయలసీమ మెట్ట నేలల్లో ప్యానెళ్లు పరుచుకున్నాయి. ప్యానెల్ కంపెనీలకు అప్పిచ్చి మన కరెంటు ధర తగ్గించిన బ్యాంకు అది. పరిశ్రమకు ఓపికగా, భారీగా అప్పివ్వగల ప్రభుత్వ బ్యాంకు ఉంటే ఏమవుతుందో చైనా చూపించింది. మనకు ఆ పట్టుదల 2021లో ఉత్పత్తి ప్రోత్సాహక పథకం వచ్చేదాకా కలగలేదు. పదేళ్ల ఆలస్యం చిన్నది కాదు.

ఈలోగా ఆసియా అభివృద్ధి బ్యాంకు ఒక తెలివైన పని చేసింది. ప్లాంటుకు అప్పివ్వడానికి ప్రైవేటు బ్యాంకులు నెమ్మదిగా అయినా వస్తాయి, లైన్లు వేయడానికి ఎవరూ రారు అని గ్రహించింది. గుజరాత్‌లోని పాటన్ జిల్లా చారణ్కా సోలార్ పార్కు నుంచి కరెంటు మోసే లైన్లకు 2011లో 10 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2012 ఏప్రిల్‌లో ఆ పార్కు ప్రారంభమయ్యాక నమూనా దొరికింది. భూమి, రోడ్డు, సబ్‌స్టేషన్, లైను ప్రభుత్వం సిద్ధం చేస్తుంది, కంపెనీ వచ్చి ప్యానెళ్లు బిగించుకుంటుంది. 2013లో అదే బ్యాంకు రాజస్థాన్ లైన్లకు 50 కోట్ల డాలర్ల కార్యక్రమం చేపట్టింది. దాని ఫలమే 2,245 మెగావాట్ల భడ్లా సోలార్ పార్కు. కేఎఫ్‌డబ్ల్యూ హరిత విద్యుత్ కారిడార్లకు వంద కోట్ల యూరోల మేర నిలబడింది. ఎనిమిది రాష్ట్రాల్లో వేసిన ఆ కారిడార్ లైన్ల వ్యయంలో 40 శాతం కేఎఫ్‌డబ్ల్యూ రుణం. ఆ ఎనిమిదిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. లైను గురించి ఎవరూ శిలాఫలకం వేయరు, ఫొటో దిగరు. అయినా అభివృద్ధి బ్యాంకుల డబ్బు సార్థకమైన చోటు ఏదంటే ఇదే.

ఇక రేవా. మధ్యప్రదేశ్‌లోని ఈ జిల్లా పేరు మన సోలార్ చరిత్రలో బంగారు అక్షరాలతో రాయదగ్గది. 750 మెగావాట్ల పార్కుకు 2017 ఫిబ్రవరిలో జరిగిన వేలం ఆగకుండా 33 గంటలు సాగింది. ముగిసేసరికి మొదటి ఏడాది ధర యూనిట్‌కు 2 రూపాయల 97 పైసలు. అంతకుముందు ఏడాది దేశంలో కనిష్ఠ ధర 4 రూపాయల 34 పైసలు. ఒక్క వేలంలో రూపాయికి పైగా ఎలా తగ్గింది? ప్యానెళ్లు రాత్రికి రాత్రే అంత చౌక కాలేదు. ఒప్పందం రాసిన తీరు మారింది. ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐఎఫ్‌సీ ఆ లావాదేవీకి సలహాదారు. పార్కు లోపలి సదుపాయాలకు ప్రపంచ బ్యాంకు ఇరెడా ద్వారా అప్పిచ్చింది. కరెంటు కొనే డిస్కం బిల్లు కట్టకపోతే మొదట బ్యాంకు పూచీపత్రం (లెటర్ ఆఫ్ క్రెడిట్), అదీ చాలకపోతే ప్రత్యేక నిధి, అదీ ఖాళీ అయితే రాష్ట్ర ప్రభుత్వ గ్యారంటీ. ఒకదాని వెనక ఒకటి మూడు భరోసాలు. గ్రిడ్ తీసుకోలేని సమయానికి పరిహారం. కొనేవాళ్లలో ఢిల్లీ మెట్రో ఉంది. అది బిల్లు ఎగ్గొట్టే సంస్థ కాదని అందరికీ తెలుసు. మథానియాలో జవాబు దొరకని ప్రశ్నకు ఇరవై ఏళ్ల తర్వాత రేవాలో జవాబు దొరికింది. భయం తగ్గితే వడ్డీ తగ్గుతుంది, వడ్డీ తగ్గితే ధర తగ్గుతుంది.

రేవా తర్వాత రెండు నెలలకే మన కడప వంతు వచ్చింది. ఎన్‌టీపీసీ వేలంలో సోలైర్ డైరెక్ట్ 250 మెగావాట్లకు 3 రూపాయల 15 పైసలకు ఒప్పుకుంది. ఏటా పెరుగుదల లేని ధర అది. పాతికేళ్ల సగటున రేవా ధర 3 రూపాయల 30 పైసలు కనుక ఆ రోజుకు కడపదే రికార్డు. మే నెలలో భడ్లా 2 రూపాయల 44 పైసలతో దాన్ని దాటేసింది. అదే ఏడాది కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు పూర్తయింది. అప్పటికి ప్రపంచంలో ఒకేచోట ఉన్న అతి పెద్ద సోలార్ పార్కుల్లో అది ఒకటి. దాని కథలో ఒక హెచ్చరిక ఉంది. అక్కడ 500 మెగావాట్లు గెలిచిన అమెరికా కంపెనీ సన్‌ఎడిసన్ తలకు మించిన అప్పులతో 2016 ఏప్రిల్‌లో దివాలా తీసింది. ప్లాంటు ఆగలేదు. హైదరాబాదుకు చెందిన గ్రీన్‌కో దాని ఆస్తులు కొని పూర్తి చేసింది. కరెంటు కొనేది ఎన్‌టీపీసీ కావడం, భూమి, లైను సిద్ధంగా ఉండటం వల్లే మరో చేతికి అంత సులువుగా మారింది. మనిషి మారినా నిలబడే ఒప్పందమే అసలు ఆస్తి అని అప్పు ఇచ్చేవాళ్లు అక్కడ చూశారు.

అలాంటి ఒప్పందాన్నే 2019లో ఆంధ్రప్రదేశ్ కదిలించింది. ఆ ఏడాది జూలైలో కొత్త ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను సమీక్షించడానికి ఉన్నతస్థాయి కమిటీ వేసింది. పవన విద్యుత్‌కు 2 రూపాయల 43 పైసలు, సౌర విద్యుత్‌కు 2 రూపాయల 44 పైసలకు ధర తగ్గించమని కంపెనీలను అడిగారు. వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందాల ధరే చెల్లించాలని తీర్పు చెప్పేదాకా మధ్యంతర ధరే దిక్కయింది. పాత ధరలు డిస్కంలకు భారమన్న ప్రభుత్వ బాధలో నిజం ఉంది. ఆ భారాన్ని తగ్గించుకునే మార్గం మాత్రం అది కాదు. సంతకానికి విలువ లేదన్న అనుమానం కలిగితే తర్వాత వచ్చే ప్రతి రుణదాతా ఆ అనుమానానికి వడ్డీ వేసుకుంటాడు. ఆ వడ్డీ కట్టేది చివరికి అనంతపురం, కర్నూలు వినియోగదారుడే. దేశమంతటా డిస్కం బకాయిల జబ్బు ముదిరాక కేంద్రం 2022 జూన్‌లో ఆలస్య చెల్లింపుల నిబంధనలు తెచ్చింది. పాత బకాయిలు వాయిదాల్లో కట్టాలి, కొత్తవి సకాలంలో కట్టకపోతే బహిరంగ మార్కెట్లో కరెంటు కొనే హక్కుకు కోత. ఇది పనిచేసింది, బకాయిలు దిగివచ్చాయి. ఏ విదేశీ రుణం చేసిన మేలుకూ ఇది తీసిపోదు.

విదేశీ అప్పుకు ఇంకో చిక్కు ఉంది. తెచ్చేది డాలర్లలో, యూరోల్లో, యెన్లలో. కరెంటు బిల్లు వచ్చేది రూపాయల్లో. రూపాయి జారితే అప్పు పెరుగుతుంది. ఆ ముప్పుకు రక్షణ కొనుక్కుంటే చౌక వడ్డీలో మిగిలేది తక్కువే. 2017లో ఇరెడా లండన్‌లో 1,950 కోట్ల రూపాయల మసాలా బాండ్లు అమ్మింది. బాండు రూపాయల్లో, మారకపు ముప్పు కొన్నవాడిది. 2023 నవంబరులో అదే ఇరెడా షేరుకు 32 రూపాయలకు మన మార్కెట్లోకి వచ్చింది. దానం లాంటి విదేశీ రుణాలతో నడక నేర్చిన సంస్థకు దేశంలోని మామూలు మదుపరులు ఎగబడి డబ్బు పెట్టారు. మూడున్నర దశాబ్దాల ప్రయాణంలో గర్వించదగ్గ ఘట్టం ఇది.

ఇంతదాకా అప్పు ఇచ్చినవాళ్ల కథ. ఆ ప్యానెళ్లు పరుచుకున్న నేల కథ వేరు. కర్ణాటకలో మన సరిహద్దునే ఉన్న పావగడలో, అంటే ఇంటింటా తెలుగు వినిపించే తాలూకాలో, 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు ఉంది. అక్కడ భూమి కొనలేదు. 28 ఏళ్ల కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. వానలు ముఖం చాటేసే నేలలో అది మంచి ఆదాయం, భూమి రైతు పేరునే ఉంటుంది. కొని స్వాధీనం చేసుకునే పద్ధతి కంటే ఇది వంద రెట్లు మేలని నేను నమ్ముతాను. కానీ ఆ పొలాల్లో కలుపు తీసిన కూలీకి, గొర్రెలు మేపుకున్న కాపరికి కౌలు రాదు, ప్యానెల్ తుడిచే పని అందరికీ దొరకదు. చారణ్కాలో మాల్ధారీ పశుపోషకులు మేత భూములు పోగొట్టుకున్నారు. అప్పటి అనంతపురం జిల్లా ఎన్‌పీ కుంట సోలార్ పార్కు దగ్గర పట్టా కాగితం లేకుండా తరాలుగా దున్నుకుంటున్నవాళ్లు పరిహారం దగ్గర చిక్కుబడ్డారు. అభివృద్ధి బ్యాంకుల దగ్గర సామాజిక రక్షణ నిబంధనల లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. కాగితం లేనివాడు ఆ పుస్తకంలో ఉన్నా సర్వేయరు జాబితాలో ఉండడు. పార్కు లైనుకు అప్పు ఇచ్చేటప్పుడే భూమిలేని కుటుంబాలకు ఏటా వాటా అని షరతు రాసుంటే ఖర్చు యూనిట్‌కు పైసల్లో ఉండేది.

2016లో ప్రపంచ బ్యాంకు స్టేట్ బ్యాంకుకు ఇంటి కప్పుల సోలార్ కోసం 62 కోట్ల 50 లక్షల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు పంజాబ్ నేషనల్ బ్యాంకుకు 50 కోట్ల డాలర్లు మంజూరు చేశాయి. ఆ రుణాలు ప్రధానంగా చేరింది ఫ్యాక్టరీల, వ్యాపార సంస్థల కప్పులకు. మామూలు ఇల్లు వెనకబడింది. 2022 నాటికి కప్పుల మీద 40,000 మెగావాట్లు అనుకున్నాం, నాలుగో వంతు కూడా రాలేదు. 2024లో పీఎం సూర్యఘర్ వచ్చి మూడు కిలోవాట్ల ప్లాంటుకు 78,000 రూపాయల సబ్సిడీ, తనఖా లేని చౌక అప్పు ఇవ్వడం మొదలుపెట్టాకే ఇళ్లు కదిలాయి. ఇంటి సోలార్‌కు అప్పివ్వడం అసాధ్యం కాదని కెనరా, సిండికేట్ బ్రాంచీలు ఇరవై ఏళ్ల కిందటే నిరూపించాయి. మనం మరిచిపోయి మళ్లీ నేర్చుకున్నాం.

రైతు సంగతి ఇంకా తేలలేదు. తెలంగాణ పదేళ్ల కిందట ఒక మంచి దారి చూపింది. పెద్ద పార్కుల వెంట పడకుండా ఉన్న సబ్‌స్టేషన్ల దగ్గరే చిన్న, మధ్యతరహా ప్లాంట్లు పెట్టించి కొద్దికాలంలోనే దేశంలో ముందు వరుసకు వచ్చింది. దూరపు లైన్ల ఖర్చు మిగిలింది. అయితే ఆ ప్లాంట్లు కట్టింది కంపెనీలే. రైతు తన బీడు భూమిలో తానే అర మెగావాట్ నుంచి రెండు మెగావాట్ల దాకా పెట్టుకుని డిస్కంకు పాతికేళ్లు అమ్ముకోవచ్చని 2019లో కుసుమ్ పథకం చెప్పింది. లక్ష్యం 10,000 మెగావాట్లు. 2024 చివరికి పదో వంతు కూడా పూర్తికాలేదు. ఆసక్తి లేక కాదు. రెండు మెగావాట్లకు కోట్లలో అప్పు కావాలి, బ్యాంకు తనఖా అడుగుతుంది. ఎదుట ఉన్నది డిస్కం, అది బిల్లు ఎప్పుడు కడుతుందో రైతుకూ తెలియదు, బ్యాంకుకూ తెలియదు. మథానియా నాటి ప్రశ్నే రైతు పొలం గట్టు మీద మళ్లీ నిలబడింది.

రేవాలో వందల మెగావాట్ల కంపెనీలకు మూడు భరోసాలు ఇవ్వగలిగాం. ఉచిత వ్యవసాయ విద్యుత్‌కు ఏటా వేల కోట్లు సబ్సిడీ కడుతున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అందులో కొద్ది భాగంతో రైతుల సోలార్ ప్లాంట్ల బిల్లులకు ప్రత్యేక చెల్లింపు నిధి పెట్టగలవు. దాని వెనక ఇరెడా, నాబార్డు, ప్రపంచ బ్యాంకు గ్యారంటీ నిలవగలవు. 2023 డిసెంబరులో ఆసియా అభివృద్ధి బ్యాంకు ఇంటి కప్పుల సోలార్ కోసం స్టేట్ బ్యాంకుతోపాటు నాబార్డుకూ రుణం మంజూరు చేసింది, దారి తెరిచే ఉంది. రెండో లక్ష మెగావాట్లకు అప్పు కోసం విదేశాలకు వెళ్లే ప్రతి ప్రతినిధి బృందాన్నీ మన శాసనసభ్యులు ఒక్క ప్రశ్న అడగాలి: ఈసారి తెచ్చే అప్పులో రెండు మెగావాట్ల లోపు ప్లాంటు పెట్టుకునే రైతుకు ఎంత, అతని బిల్లుకు పూచీ ఎవరు?